పక్కపక్కన రెండు ఫొటోలు

విఠల్ భూగర్భ జలశాఖలో పనిచేసేవాడు. బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయో యంత్రం పెట్టి చూసి చెప్పడం అతని పని. 2011లో సకల జనుల సమ్మె జరుగుతున్నప్పుడు ఆఫీసు మూతపడింది. ఇంట్లో ఊరికే కూర్చోలేక, చాలాకాలంగా పిలుస్తున్న రైతుల ఊళ్లకు బండి మీద వెళ్లి రావడం మొదలుపెట్టాడు. అలాగే ఒకరోజు పొద్దున అశోక్‌నగర్‌లో ఇంట్లో ఉప్మా తిని, యంత్రం పెట్టె వెనక సీటుకు కట్టుకుని, నల్లగొండ జిల్లాలో దేవరకొండ అవతలున్న రేపాలగట్టుకు బయల్దేరాడు. మళ్లీ రాలేదు.

అతన్ని పిలిచిన రైతు పేరు లక్ష్మయ్య. ఆ రోజు లక్ష్మయ్య తండ్రికి ఆయాసం ఎక్కువైతే దేవరకొండ దవాఖానకు తీసుకెళ్లాల్సి వచ్చింది. చేను చూపించడానికి, యంత్రం తీగలు పట్టుకోవడానికి భార్య ముత్యాలు వెళ్లింది. ఆమె కూడా రాలేదు. చేను గట్టు పక్కన బండి స్టాండు వేసి ఉంది. పెట్టె దానికి కట్టినట్టే ఉంది. తీగలు విప్పనేలేదు.

పోలీసులందరూ సమ్మె బందోబస్తులో ఉండటంతో మొదటి వారం ఎవరూ పట్టించుకోలేదు. సమ్మె ముగిశాక పత్రికల్లో, టీవీల్లో చోటు ఖాళీ అయింది. అప్పుడు రేపాలగట్టు అందరికీ గుర్తొచ్చింది. ఒక పత్రిక విఠల్ ఆఫీసు గుర్తింపు కార్డు మీది ఫొటో, ముత్యాలు రేషన్ కార్డు మీది ఫొటో తీసుకుని పక్కపక్కన వేసింది. ఇద్దరూ ఎదురుగా చూస్తున్నారు. మధ్యలో సన్నటి గీత కూడా లేదు. ఆ తర్వాత ఏ చానెల్‌లో చూసినా ఆ జంట ఫొటోనే.

విఠల్ భార్య విద్యావతి నారాయణగూడలో ఒక ప్రైవేటు బళ్లో లెక్కలు చెప్పేది. కూతురు ఉదయశ్రీ ఇంటర్ చదువుతోంది. వాళ్లు కిరాయికుండే ఇంటి కింది భాగంలో ఇంటివాళ్లు సుందరరావు, అన్నపూర్ణ ఉండేవారు. సుందరరావుది గుడివాడ దగ్గర ఊరు. ఏజీ ఆఫీసులో రిటైరయ్యాడు. ఆయనకు తొలిరోజే ఒక అభిప్రాయం ఏర్పడింది.

“గుప్తనిధులమ్మా! అంత ఖరీదైన యంత్రం, పైగా చుట్టూ పాత గుట్టలు. ఎవరో బలవంతంగా తీసుకుపోయుంటారు. పని పూర్తయితే వదిలేస్తారు, మీరు ధైర్యంగా ఉండండి” అన్నాడు.

సందు చివర టీ బండి దగ్గర గ్రూప్స్ పరీక్షలకు చదివే కుర్రాళ్లు గుంపుగా నిలబడి ఇదే మాట్లాడేవారు. నల్లమల నుంచి చిరుతపులి వచ్చిందని ఒకడు, పులైతే రక్తం కనబడేది కదా అని ఇంకొకడు. సాగర్ నీళ్లలో పడ్డారన్నవాడికి, ఆ ఊరికి నీళ్లు ఎంత దూరమో మరొకడు చెప్పేవాడు. చిక్కడపల్లి కూరల మార్కెట్లో మాత్రం ఇన్ని రకాలు లేవు. అక్కడ ఒక్కటే మాట: లేచిపోయారు. విద్యావతి దగ్గరికి వస్తుంటే వంకాయలు ఏరుకుంటున్న ఆడవాళ్లు ధరలు గట్టిగా అడగడం మొదలుపెట్టేవారు.

రేపాలగట్టు కేసు చూసే ఎస్సై కూడా మార్కెట్ మాటే అన్నాడు.

“మేడం, మీరు బాధపడొద్దు. ఒక మొగాయన, ఒక ఆడామె ఒక్కటే దినం కనబడకుంట పోతే మేం ఏమనుకోవాలె? కొన్నొద్దులైతే వాళ్లే వస్తరు.”

“బండి ఇడ్చిపెట్టి పోతరా? మూడు ఊళ్ల అవతల గాని బస్సు లేదు గదా. ఆ రోజు అది గూడ బందే” అంది విద్యావతి.

ఎస్సై దానికి జవాబు వెతకలేదు. వెతకాల్సిన అవసరం అతనికి కనిపించలేదు.

చలికాలంలో ఒక ఆదివారం లక్ష్మయ్య వచ్చాడు. గేటు బయట నిలబడి చాలాసేపు లోపలికి రాలేదు. అన్నపూర్ణ చూసి, మంచినీళ్లిచ్చి, పైకి తీసుకొచ్చింది.

“నేను ముత్యాలు పెనిమిటినమ్మా” అన్నాడు.

“లోపటికి రా అన్నా, కూసో” అంది విద్యావతి.

అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. “నా బిడ్డ బడికి పోతలేదమ్మా. మీ అమ్మ పట్నం సారుతోని పోయిందంట గదా అని తోటి పిల్లలే అడుగుతున్రు. పోలీసోళ్లు ఎతుకుడు బంద్ జేసిన్రు. నేను చెప్తే ఇనేటోడు లేడు, పెండ్లాం ఇడిసిపోయినోడు అట్లనే అంటడని నవ్వుతున్రు. మీరు సదువుకున్నోళ్లు. టీవీల మీరు చెప్తే ఇంటరు.”

“ఏం చెప్పాలె?”

“ఉన్నదే చెప్పున్రి. ఆ పొద్దుటిదాక ఆళ్లు ఒకరి మొఖం ఒకరు సూసినోళ్లు గాదు.”

విద్యావతి అడిగింది. “నీకు ఎన్నడన్న అనుమానమొచ్చిందా అన్నా?”

“మీకొచ్చిందా?” అన్నాడు లక్ష్మయ్య.

అన్నపూర్ణ కింది నుంచి అట్లు తెచ్చి పెట్టింది. తిని, అతను సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.

ఆ వారమే విద్యావతి ఒక చానెల్‌కు వెళ్లింది. స్టూడియోలో చల్లగా ఉంది. బళ్లో పిల్లలకు ఒక లెక్క విడదీసి చెప్పినట్టు, తొందర లేకుండా చెప్పింది. తన భర్త ముత్యాలును ఎరగడు. ఆ ఊరికి వెళ్లడం అదే మొదటిసారి.

“మరి ఆవిడ ఆ చేను దగ్గరికి ఎందుకు వెళ్లినట్టండీ?” అని యాంకర్ అడిగింది.

“అసలు లక్ష్మయ్య పోవాల్సి ఉండె. ఆయనకు దవాఖాన పని పడి భార్యను పంపిండు. గంతే.”

“అంటే, పంపించింది భర్తే.”

“అవును. అందుకే నేను చెప్పేది…”

ఆమె తర్వాత చెప్పింది ఎవరూ వినలేదు. ఎదురుగా ఉన్న తెర మీద, తన ముఖం కింద, ఎర్రటి పట్టీలో అక్షరాలు కదిలాయి: ‘పంపింది భర్తే.’ ఆ మాట తనదే. తప్పు కూడా కాదు.

మర్నాటికి టీ బండి దగ్గర కథ మారిపోయింది. లేచిపోలేదని సారు భార్యే చెప్పింది. లేచిపోకపోతే చనిపోయి ఉండాలి. చనిపోతే ఎవరో చంపి ఉండాలి. చేను ఎవరిది? పంపింది ఎవరు? కుర్రాళ్లు ఒక్కో మెట్టూ పరీక్షలో ప్రశ్నలా దాటుకుంటూ వెళ్లారు. రెండు రోజుల్లో పోలీసులు లక్ష్మయ్యను ఠాణాకు తీసుకెళ్లారు. మూడోరోజు అతని చేన్లోకి జేసీబీ దిగింది.

తవ్వడం చానెళ్లు ప్రత్యక్షంగా చూపించాయి. సుందరరావు ఇంట్లో టీవీ ముందు ఇరుగుపొరుగు పదిమంది దాకా చేరారు. విద్యావతి బడి నుంచి వస్తూ గుమ్మంలో ఆగింది. ఎవరో లేచి కుర్చీ ఇచ్చారు. కాయ పట్టిన కంది చెట్లను జేసీబీ వేళ్లతో సహా ఎత్తి పక్కన పోస్తోంది. పోలీసుల పక్కన లక్ష్మయ్య కిందే కూర్చుని ఉన్నాడు. బకెట్ పైకి లేచినప్పుడల్లా గదిలో మాటలు ఆగిపోయేవి. అది ఖాళీ అయ్యాక మళ్లీ మొదలయ్యేవి. నాలుగోసారో ఐదోసారో విద్యావతి తను కుర్చీలో ముందుకు వంగి ఉన్నట్టు గమనించింది. వెనక్కి జరిగింది. లేచి పైకి వెళ్లింది.

ఉదయశ్రీ పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. “ఏమన్న దొరికిందా అమ్మా?” అంది.

“లేదు.”

“దొరకొద్దనే అనుకుంటున్న. అది తప్పా?”

విద్యావతి కూతురి పక్కన కూర్చుంది. ఆ సాయంత్రం వాళ్లు మళ్లీ కిందికి వెళ్లలేదు.

మట్టి తప్ప ఏమీ దొరకలేదు. అయినా లక్ష్మయ్యను వదల్లేదు. విద్యావతి బడికి సెలవు పెట్టి బయల్దేరుతుంటే సుందరరావు చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

“ఒక్కరే ఎలా వెళతారమ్మా? నేనొస్తాను. నిధుల సంగతి నేనేదో తోచింది అన్నాను గానీ, పాపం ఆ మనిషి...” అని మిగతాది మింగేశాడు.

వాళ్లు ముందు దేవరకొండ దవాఖానకు వెళ్లారు. ఆ రోజు ముసలాయనకు ఆక్సిజన్ పెట్టిన నర్సుకు లక్ష్మయ్య గుర్తున్నాడు. పొద్దున నుంచి చీకటిపడేదాకా తండ్రి మంచం వదల్లేదని చెప్పింది. ఈ మాట ఇంతవరకు తనను ఎవరూ అడగలేదంది. సుందరరావు నర్సు పైఅధికారిని బతిమాలి ఆమెను ఠాణాకు తీసుకొచ్చాడు. ఎస్సై విన్నాడు, ఎవరికో ఫోన్ చేశాడు, సాయంత్రానికి లక్ష్మయ్యను పంపించాడు.

ఠాణా ముందు అరుగు మీద లక్ష్మయ్య కాసేపు కూర్చున్నాడు. అరికాళ్లు వాచి ఉన్నాయి. విద్యావతి పక్కన కూర్చుంది.

“నా మాటతోనే నీకిదంత అయింది.”

“మీరు అబద్దం చెప్పలే గదమ్మా. నేను పంపకపోతే అది పోకపోతుండె గద.” అరికాలు ఒత్తుకుంటూ అడిగాడు. “టీవీల సూసిన్రా, తవ్వుడు?”

“చూసిన.”

“ఏమనుకున్నరు?”

అబద్ధం చెప్పొచ్చు. విద్యావతి చెప్పలేదు. “దొరుకుతరేమో అనుకున్న.”

లక్ష్మయ్య తలూపాడు. “నేను గూడ గట్లనే అనుకున్న. సేను నాది. నేనేం జెయ్యలేదని నాకు ఎర్కే. అయినా బకెట్ లేసినప్పుడల్లా సూసిన. ఏదన్న ఒకటి తేలితే సాలనిపించింది.”

అక్కడ ఆమె మొదటిసారి ఏడ్చింది. సుందరరావు దూరంగా వెళ్లి ఆటో కోసం చూస్తూ నిలబడ్డాడు.

తర్వాతి ఏడాదికి మాటలు తగ్గాయి. ఇంకేవో కేసులు వచ్చాయి. టీ బండి కుర్రాళ్లలో కొందరికి ఉద్యోగాలొచ్చాయి, కొందరు ఊళ్లకు వెళ్లిపోయారు, కొత్తవాళ్లు వచ్చారు. మాటలు ఉన్నన్నాళ్లు పోలీసులు కనీసం ఫోనెత్తేవారు. ఆ తర్వాత అదీ లేదు. 2013లో విద్యావతి, లక్ష్మయ్య కలిసి హైకోర్టులో అర్జీ వేశారు. విఠల్, ముత్యాలు పేర్లు ఒకే కాగితం మీద మళ్లీ పక్కపక్కన రావాలని వకీలు అన్నప్పుడు వీళ్లిద్దరూ కాస్త తటపటాయించారు. “రానియ్‌లే” అన్నాడు లక్ష్మయ్య.

అర్జీ నడిచినన్నాళ్లు అతను వాయిదా రోజున పొద్దున్నే వచ్చి అశోక్‌నగర్ ఇంట్లో టీ తాగి, అక్కడినుంచి ఆమెతో కోర్టుకు వెళ్లేవాడు. చివరి వాయిదా 2014 వేసవిలో పడింది. ఏ ఆధారమూ దొరకలేదని పోలీసులు చెప్పారు. వెతకడం ఆపొద్దని చెప్పి కోర్టు అర్జీ ముగించింది. కెమెరా పట్టుకున్నవాడు ఒక్కడూ రాలేదు. ఎవరూ లేకుండా ఉండాలని ఎన్నోసార్లు కోరుకున్న విద్యావతికి, ఖాళీ వరండా చూస్తే మనసు ఒకలా అయింది.

బయట టీ కొట్టు దగ్గర లక్ష్మయ్య పొద్దున బస్సులో జరిగింది చెప్పాడు. పక్క సీటాయన ఏ ఊరని అడిగాడట. రేపాలగట్టు అంటే, “ఆ ఇద్దరు లేచిపోయిన ఊరేనా?” అన్నాడట.

“నువ్వేమన్నవ్?”

“ఆ ఊరే అన్న. ఇంక ఎంతమందికని చెప్తం? ఏమయిందో ఆయననే నాకు ఇవరంగ చెప్పిండు.”

“ఏమయిందంట?”

“భీవండిల ఉన్నరంట. మన సారేమో ఏదో బట్టల మిల్లుల పనిజేస్తడంట. ఆయన బావమర్ది కండ్లార సూసిండంట.”

విద్యావతి నవ్వబోయి అతని ముఖం చూసి ఆగింది.

“బతికే ఉన్నరన్నడమ్మా” అన్నాడు లక్ష్మయ్య. “అబద్దమని నాకు ఎర్కే. అయినా బస్సు దిగేదాంక ఆయననే అడుగుకుంట కూసున్న. మనిషి సన్నబడ్డదా, పానం మంచిగున్నదా అని.”