నూరు వాట్ల మోటారు

"ముందు ఆ కుట్టుమిషను మోటారు పీకెయ్యరా!" అన్నాడు భర్త, కరెంటు బిల్లు గాల్లో ఊపుతూ. అన్నది తమ్ముడితో. ఆ మిషను ఎవరిదో ఆ భార్య పక్కనే నిలబడి భోజనాల బల్ల తుడుస్తోంది. ఆవిణ్ణి అడగాలని ఎవరికీ తోచలేదు.

ఆ ఇంట్లో ఒక నమ్మకం పాతుకుపోయింది: చప్పుడు చేసేదే కరెంటు తింటుంది. మిక్సీ గురగురమంటే చాలు, అత్తగారు "మీటరు గిర్రున తిరిగిపోతోందే!" అని గుండె పట్టుకుంటుంది. కుట్టుమిషను పొద్దస్తమానం టకటకలాడుతుంది కాబట్టి దొంగ అదే. గీజరు పాపం నోరెత్తదు, బుద్ధిమంతురాలు. మరిదికి ఇంట్లో ముద్దుపేరు ఇంజనీరు. ఏదైనా విప్పగలడు, తిరిగి బిగించిన దాఖలా మాత్రం లేదు. రెండు నిమిషాల్లో మోటారు ఊడదీసి అటకెక్కించేశాడు.

"కాళ్ళున్నాయిగా వదినా, తొక్కుకో. ఎక్సర్‌సైజు కూడాను!"

తొక్కీ తొక్కీ వదిన మోకాలు అరిగిపోయిందనీ, ఇంకో ఏడాది తొక్కితే నడవడం కూడా కష్టమని డాక్టరు చెప్పాడనీ ఇంజనీరుకి తెలుసు. డాక్టరు దగ్గరికి బండి మీద తీసుకెళ్ళింది అతనే. స్కూలు వాళ్ళు తొంభై యూనిఫాం గౌన్లు కుట్టే పని ఆమెకి ఒప్పజెప్పారు. ఇరవై రోజుల గడువు. ఈసారి వేళకి ఇస్తే ఏటా ఆ పని ఆమెకే ఇస్తామన్నారు. తప్పితే బజార్లో పెద్ద టైలరు కాచుక్కూచున్నాడు. ఇదంతా చెప్పబోతే భర్త చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీ సరదా కుట్లకి ఇల్లంతా బిల్లు మోయాలా?"

సరదా! తెల్లారకముందే లేచి ఇద్దరు మగాళ్ళకి డబ్బాలు కట్టడం సరదానా? అత్తగారి కాళ్ళకి నూనె రాయడం సరదానా? పదిహేనేళ్ళుగా ఈ ఇంట్లో ఆమె నొక్కిన స్విచ్చుల్లో తన కోసం నొక్కింది ఆ మోటారుది ఒక్కటే. అదే అందరి కంట్లో పడింది. చేతిలో తడిగుడ్డని పిండితే నీళ్ళు కాదు, నిప్పులు రాలేలా ఉంది ఆమెకి.

మర్నాడు అందరూ వెళ్ళాక బిల్లు తీసింది. ఇన్నేళ్ళలో దాన్ని వెనక్కి తిప్పి చదవడం అదే మొదలు. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్ అని చిన్న అక్షరాల్లో వేసి ఉంది. పాతగుడ్డ పట్టుకుని ప్రతి వస్తువు వెనకా జిడ్డు తుడిచింది. ప్రతిదానికీ ఒక చిన్న రేకు, దాని మీద ఒక అంకె. గీజరుకి రెండు వేలు. మిక్సీకి అయిదు వందలు. అటకెక్కి మోటారు దింపి చూస్తే నూరు! పది గంటలు ఏకబిగిన కుడితే గానీ ఒక యూనిట్ కాదు. తిరిగి బిగించడం రెండు స్క్రూల పని. ఇంజనీరుకి చేతకానిది ఆమెకి అయిదు నిమిషాల్లో అయిపోయింది.

రేకుల్ని నమ్మి ఊరుకోలేదు. వారం రోజులు పీట వేసుకుని మీటరు చూసింది. కుట్టుకొలతల పుస్తకంలోనే, ఎవరిదో మెడా భుజమూ రాసిన పేజీ కింద, గీజరు కొలత రాసుకుంది. అయిదున్నరకి భర్త వేస్తాడు, ఆరింటికి స్నానం. ఇంజనీరు స్నానం తొమ్మిదికి. అందాకా దాన్ని ఎవరూ కట్టరు. రోజూ మూడు యూనిట్లు. మిగతావన్నీ కట్టేసి మోటారొక్కటే అయిదు గంటలు నడిపితే అర యూనిట్.

ఆ సాయంత్రం పుస్తకం బల్ల మీద పెట్టింది. భర్త చదివాడు. మళ్ళీ చదివాడు. ఒక్క క్షణం ఆమెకి ఆశ పుట్టిన మాట నిజం.

"గీజరు ఇంత తాగుతుంటే చూస్తూ కూచున్నావా?" అన్నాడు. "నేను ఆఫీసుకి పరిగెత్తేవాణ్ణి. స్విచ్చి కట్టడం ఎవరి పని? ఇల్లు చూసుకునేది నువ్వు కాదూ?"

"పొరపాటు నీదే వదినా," అన్నాడు ఇంజనీరు.

"ఇంట్లో ఉండి కూడా ఆ మాత్రం చూడకపోతే ఎట్లాగమ్మా," అంది అత్తగారు.

"సరే, రేపట్నుంచి గీజరు బాధ్యత నీది," అని భర్త తీర్పు చెప్పేశాడు. "మోటారు మాత్రం పైన పెట్టెయ్. ఆ గోల నేను భరించలేను."

అయితే గొడవ కరెంటు గురించి కానే కాదు! దొంగ ఎవరో పట్టిచ్చినా శిక్ష తనకే. ఇంకో వారం కొలిచి చూపిస్తే ఇంకో పని తన నెత్తినెక్కుతుంది, అంతే. అరిచి కడిగెయ్యాలనిపించింది. కానీ వీళ్ళతో అరిచి ఎన్ని ఏళ్ళు ఖర్చు చేసిందో గుర్తొచ్చి, పుస్తకం మూసి చంకలో పెట్టుకుంది.

పొద్దున్నే వీధి మలుపులో మూతబడ్డ గడియారాల కొట్టు ఆసామిని కలిసింది. కొట్టు అద్దెకి మాట్లాడుకుని, అతని సంతకం కాగితం పుచ్చుకుని నేరుగా కరెంటాఫీసుకి వెళ్ళింది. గుమస్తా ఫారం ముందేసుకున్నాడు.

"కనెక్షను ఎవరి పేరునమ్మా? మీ వారి పేరునా?"

"నా పేరున."

"ఏమేం వాడతారో, ఎన్ని వాట్లో చెప్పాలి. తెలీకపోతే మీ వార్ని అడిగి రండి."

"మోటారు నూరు. ఫ్యాను డెబ్బై అయిదు. బల్బు పది," అంది ఆమె ఊపిరి తిప్పుకోకుండా.

గుమస్తా కలం ఆగింది. "అంతేనా? మిక్సీ, గీజరు లాంటివేం లేవా?"

"ఉన్నాయి. అవి ఇంట్లో," అంది. "వాటిని ఆయన చూసుకుంటారు."