తొట్టి కింది ముంత

గుర్రాల్ని పాలకి పెంచే ఆ కొండ మీద మీరిమ్ చెయ్యి పడితే చేపని గుర్రం లేదు. కొత్తగా ఈని కాళ్ళు జాడించే పొగరుబోతు గుర్రాలను పక్క గుడారాల వాళ్ళు కూడా ఆమె దగ్గరికే తోలుకొచ్చేవారు. ఒక మోకాలు నేలకానించి, రెండో తొడ మీద బకెట్ నిలబెట్టుకుని, గుర్రం డొక్కకు తల ఆనించి కూర్చుందంటే ఎంత మొండిదైనా మెత్తబడాల్సిందే. అలాంటి మనిషికి సొంత కొడుకు కడుపు నింపడం చేతకావడం లేదు. నలుగురూ వింటే నవ్విపోతారు.

కింద ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఎర్బోల్ జలగలా పట్టుకుని తాగాడు. నలభై రోజులు దాటాక, వేసవి మేతకు మందతో పాటు కొండెక్కారు. అప్పటినుంచి వాడు పట్టుకుంటాడు, వదిలేస్తాడు, గుక్కపట్టి ఏడుస్తాడు. మీరిమ్ చనుమొనలు రెండూ చిట్లి పుళ్ళయ్యాయి. వాడు ఏడుపు లంకించుకుంటే చాలు, ఆమె ఒళ్ళంతా బిగుసుకుపోయేది. కొండగాలికి పాలు ఇంకిపోయాయని అత్తగారు తోతుయా తేల్చేసింది.

గుడారాలన్నీ తిరిగే నర్సు దమీరా పిల్లవాణ్ణి తూచి పెదవి విరిచింది.

"నోరు బాగా తెరిచాక పట్టించమ్మా. పొట్టకి పొట్ట ఆనాలి. మాటిమాటికీ ఇవ్వు. మళ్ళీ వారం వస్తాను. అప్పటికీ బరువు పెరక్కపోతే డబ్బాపాలు పట్టాల్సిందే. సీసాలు మరిగించడం, అదీ ఇదీ ఇక్కడ నీవల్ల కాదు, వీణ్ణి తీసుకుని కిందికి దిగిపోవాలి."

నర్సు వెళ్ళీ వెళ్ళగానే తోతుయా మొదలుపెట్టింది. "పాలు పితకడంలో మా కోడల్ని మించింది లేదని ఊరంతా టముకేసుకున్నానే! ఊళ్ళోవాళ్ళ గుర్రాలన్నిటికీ చేపు తెప్పిస్తావు, నా మనవడి దగ్గరికొచ్చేసరికి నీకేమొచ్చింది?"

ముసలావిడ చెడ్డదేం కాదు, నోరే ఆవిడ చెప్పుచేతల్లో ఉండదు. బాలింతకు వేడివేడి మాంసం పులుసు దగ్గరుండి తాగించేదీ ఆవిడే, మనవడు ఏడిస్తే గొర్రెతోక కొవ్వు గుడ్డలో చుట్టి చప్పరించమని నోట్లో పెట్టేదీ ఆవిడే.

ఎర్బోల్ పడుకునే బెషిక్ ఆవిడ అత్తగారి అత్తగారిది. వంపు కాళ్ళ మీద ఊగే చెక్కతొట్టి. పిల్లవాణ్ణి అందులో వెల్లకిలా పడుకోబెట్టి, చేతులూ కాళ్ళూ కదలకుండా వెడల్పాటి పట్టీలతో కట్టేస్తారు. అడుగున ఒక కంత, కంతకు కొయ్యగొట్టం, గొట్టం కింద ముంత. పోసిన ఉచ్చ అందులోకే దిగుతుంది గనక పిల్లవాడూ తడవడు, పక్కా తడవదు. ఆకలేస్తే తల్లే తొట్టి మీదికి వంగి పాలివ్వాలి. కొండెక్కిన రోజునే తోతుయా వాణ్ణి అందులో వేసింది. పట్టీలు కట్టడం, విప్పడం ఆవిడ సొత్తు, ఇంకొకరు చెయ్యి పెట్టడానికి వీల్లేదు.

మీరిమ్ రోజూ ఆ ముంతలోకి తొంగిచూసేది. అడుగు తడిసీ తడవనట్టు ఉండేది. పిల్లవాడి కడుపులోకి ఏమీ పోవడం లేదని ముంతే చెబుతుంటే ఇక ఎవర్ని అడగాలి? వాణ్ణి సీసాకు అప్పగించి కొండ దిగిపోవడం తలుచుకోవడానికే ఆమెకు మనసొప్పేది కాదు.

ఒక ఉదయం నుదుట చుక్కున్న గుర్రాన్ని పితకడానికి కూర్చుంది. గుర్రం చేపాలంటే ముందు దాని పిల్ల చీకాలి. మగడు కుబాన్ మంద వెంట పోయాడు గనక తోతుయా పిల్లను పట్టుకొచ్చింది. ఎక్కడ పాలన్నీ తాగేస్తుందోనని తాడు పొట్టిగా బిగించి పట్టుకుంది. పిల్ల మెడ చాచలేక చనుమొన చివర్నే కొరికింది. గుర్రం వెనక్కాలు విసిరి పాలు ఎగచేపింది.

"అత్తమ్మా, తాడు వదులు చెయ్యండి!" మీరిమ్ కసిరింది. "మెడ కట్టేస్తే అదెట్లా తాగుద్ది? చివర పట్టుకుని కొరికితే తల్లికి నొప్పి పుట్టదూ? నొప్పి పుట్టాక పాలెట్లా వదులుద్ది?"

తోతుయా గొణుక్కుంటూ తాడు వదిలింది. పిల్ల తల్లి డొక్కకు ఆనుకుని, తల దూర్చి, గడ్డం పైకెత్తి నోటినిండా పట్టుకుంది. గుర్రం శాంతించింది. చేపు వచ్చేసింది. మీరిమ్ మాత్రం బకెట్ పట్టుకుని అలాగే ఉండిపోయింది. తన నోటివెంట వచ్చిన మాట తిరిగొచ్చి తనకే తగిలింది. ఊళ్ళో ఉన్నప్పుడు ఎర్బోల్ ఒళ్ళో పడుకుని తాగాడు. తప్పు కొండగాలిది కాదు.

బకెట్ నేల మీద పెట్టి లేచింది.

"చేపిన గుర్రాన్ని వదిలేసి ఎక్కడికే? మతిగాని పోయిందా?"

తోతుయా వెనకాలే గుడారంలోకి వచ్చేసరికి మీరిమ్ తొట్టి పక్కన కూర్చుని ముడులు విప్పుతోంది.

"ఆ పట్టీల మీద చెయ్యేశావంటే ఊరుకోను! నీ మొగుడు ఇందులోనే పెరిగాడు. వాడికేం తక్కువైంది?"

"పది పిలుపులకి గాని పలకడన్నమాటే గాని, ఏం తక్కువ కాలేదు. తొట్టిని నేనేమన్నా అన్నానా? నిద్రకి తొట్టి, పాలకి ఒడి. పొట్టకి పొట్ట ఆనాలని నర్సు చెప్పింది. వాణ్ణి వెల్లకిలా కట్టేసి నేను పైనుంచి వంగితే పొట్టలెట్లా ఆనతాయి? గుర్రప్పిల్లకి తాడు వదిలారు, మనవడికి వదలరా?"

తోతుయా పక్కకి జరిగింది.

మీరిమ్ వీపు వెనక దిండు పెట్టుకుని సుఖంగా కూర్చుంది. రొమ్ము గట్టిపడి ఉంది, మెల్లగా నాలుగు చుక్కలు పిండి మెత్తబరిచింది. పిల్లవాణ్ణి పూర్తిగా తన వైపు తిప్పుకుని, పొట్టకు పొట్ట ఆనించి, వాడి ముక్కు చనుమొనకు ఎదురుగా పెట్టింది. వాడు తొందరపడి చివర పట్టుకున్నాడు. చురుక్కుమంది. చిటికెన వేలు నోటి మూల దూర్చి విడిపించింది. "అది కాదు నాన్నా, పెద్దగా తెరువు." వాడు ఆవలించినట్టు నోరు తెరిచాడు. తాను వంగలేదు, వాణ్ణే దగ్గరికి లాక్కుంది. గడ్డం ముందు ఆనింది, చనుమొన చుట్టూ నల్లభాగం చాలావరకు నోట్లోకి పోయింది. కాసేపటికి గుటక వినిపించింది. మళ్ళీ ఇంకొకటి.

తోతుయా వంగి చూసింది. "నొప్పిగా లేదూ?"

"లేదత్తమ్మా."

"నాకు రక్తాలు కారేవే," అంది ముసలావిడ. "పళ్ళు బిగబట్టి ఇచ్చేదాన్ని. తల్లయ్యాక అంతే కాబోలనుకున్నా. నాకెవరూ తాడు వదల్లేదు." తలగుడ్డ కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది. "నువ్వు కదలమాక. నీ గుర్రం సంగతి నేను చూస్తా."

ఆ తర్వాత మీరిమ్‌కు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. గుర్రం పొదుగు చిన్నది, దాచుకోలేదు. పొద్దస్తమానం పితుకుతూ ఉంటేనే పాలు ఊరుతూ ఉంటాయి. తన సంగతీ అంతే అనుకుంది. పగలూ రాత్రీ పిల్లవాడు అడిగినప్పుడల్లా ఇచ్చింది. ఒక పక్క మెత్తబడే దాకా తాగించి రెండో పక్కకు మార్చింది. పుళ్ళకు తన పాలే రాసుకుని ఆరనిచ్చింది. వాడు పెదాలు చప్పరిస్తేనే ఆకలి, ఏడ్చే దాకా ఆగితే ఆలస్యమైనట్టే అని అత్తగారికి పాఠం చెప్పింది. తోక కొవ్వు కుక్క పాలైంది. కుక్క మాత్రం తెగ సంతోషించింది.

వారం తిరిగేసరికి దమీరా తక్కెడతో, సంచిలో పాలడబ్బాతో వచ్చింది. ఆమె ఇంకా గడప దాటకముందే తోతుయా రెండు చేతులా ముంత పట్టుకుని ఎదురెళ్ళింది.

"ముందిది చూడు!"

నిండు ముంత తొణికి నర్సు బూట్ల మీద ఒలికింది.

"అయ్యో పెద్దమ్మా! నేనొచ్చింది పిల్లాణ్ణి తూచడానికి!"

"తూచుకో, తూచుకో. ఆ డబ్బా మాత్రం నువ్వే చాయ్‌లో పోసుకో."

దమీరా తూచింది. ముల్లు చూసి, మళ్ళీ ఒకసారి చూసి, ముసిముసిగా నవ్వి డబ్బాను సంచి అడుక్కి తోసేసింది. మీరిమ్‌కు గుండెల మీంచి బండ దింపినట్టయింది. పిల్లవాణ్ణి తొట్టిలో పడుకోబెట్టి, నర్సుకు చాయ్ పొయ్యడానికి కూర్చున్నారు.

చాయ్ గిన్నెలు ఖాళీ కాకముందే తొట్టిలోంచి చిన్న చప్పుడు. ఏడుపు కాదు, పెదాల చప్పరింత. మీరిమ్ లేవబోయింది. అప్పటికే తోతుయా తొట్టి మీదికి వంగి ఉంది.

"కూర్చోవే, వీపు వెనక దిండు పెట్టుకో," అంది ముడి విప్పుతూ. "వీడి తాడు నేను వదుల్తా."