రెండు చేతుల ఉప్పు

మా డాక్టరు నన్ను ఉప్పు మానేయమన్నాడు. బీపీ నూట డెబ్బై దాటిందట, పచ్చళ్ళు, అప్పడాలు, ఎండు చేపలు అన్నీ బంద్ అన్నాడు. సరేనని తలూపి వచ్చిన వారం లోపే రవికెలో ఉప్పు పొట్లం దోపుకుని తిరగడం మొదలుపెట్టాను. అరవై ఏళ్ల మనిషిని, మెదక్ చర్చి దగ్గరి సందులో పాతికేళ్లుగా జాకెట్లు కుట్టే ఇందిరమ్మను, దొంగలా ఉప్పు మోసుకుపోవడం నాకే నవ్వొచ్చేది. కానీ ఆ పొట్లం లేకపోతే క్రిస్టినా మెస్సులో ముద్ద దిగేది కాదు. నేనొక్కదాన్నే కాదు, రోజూ అక్కడ తినే ఆరుగురమూ అదే పని చేసేవాళ్లం.

మెస్సు నా దుకాణానికి ఎదురుగానే ఉంది. దాన్ని పెట్టింది క్రిస్టినా భర్త జయానందం. నాలుగు బల్లలు, వెనక వంటగది, దాని వెనక కొంచెం పెరడు, అంతే. ఆదివారం ఆరాధన ముగిసి జనం బయటికొచ్చేసరికి పదకొండు దాటుతుంది. పొద్దున ఏమీ తినకుండా చర్చికి పోయినవాళ్లు, చర్చితో పనిలేకపోయినా ఆకలితో పని ఉన్న నాలాంటివాళ్లు, అందరం అప్పుడే చేరేవాళ్లం. టిఫిన్‌కు ఆలస్యం, భోజనానికి తొందర. అయినా బగారా అన్నం, కోడికూర, పచ్చి పులుసు వాసనకు ఆ లెక్కలెవరికి పట్టేవి?

జయానందం బల్లల మీద ఉప్పు డబ్బా పెట్టనిచ్చేవాడు కాదు. “తినేటోడు ఉప్పు అడిగిండంటే వండినోడు సచ్చినట్టే” అనేవాడు. కోసేది, నూరేది, వేయించేది, కలిపేది అంతా క్రిస్టినా. ఉప్పు మాత్రం ఆయనే వేయాలి. ఒకసారి ఆమె జాడీ మీద చెయ్యి వేయబోతే నా ముందే ఆపాడు.

“ఉప్పుల రెండు చేతులు పడొద్దు. పడితే గది కూర గాదు, కొట్లాట.”

ఇరవై రెండేళ్లు ఆ వంటగది అలాగే నడిచింది. పోయిన ఆగస్టులో, అన్నం వార్చే వేళ, జయానందం గుండె పట్టుకుని కూలిపోయాడు. దవాఖానకు చేరేలోపే అయిపోయింది. సమాధి కార్యక్రమం నాడు ఆమె ఏడవలేదు. నాకదే భయమేసింది.

మూడో ఆదివారం మెస్సు తలుపులు తెరిచింది. మేం ఆరుగురం ముందే వెళ్లి కూచున్నాం. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. కోడికూరలో ఉప్పు లేదు. బగారాలో లేదు, పులుసులో లేదు. ‘అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు’ అందిట ఉప్పు. అల్లం, ధనియాలు, మసాలా అన్నీ ఎంత పద్ధతిగా ఉన్నా మట్టి నమిలినట్టే ఉంది. తప్పు ఆమెది కాదు. ఇరవై రెండేళ్లలో ఆమె చేతులు నేర్చుకున్న పనిలో ఉప్పు అనేదే లేదు. ఆ చేతులు తమ పని తాము చేసి, మిగతాది ఆయనకు వదిలేశాయి.

ఆమె వంటగది గడప మీద నిలబడి మా మొహాలు చూస్తోంది.

“ఎట్లుంది?”

ఆటో నడిపే బిక్షపతి నా పక్కనే ఉన్నాడు. చాయలో చక్కెర తక్కువైతే సందు సందంతా వినిపించేలా తిట్టే మనిషి. అటువంటివాడు తల దించుకుని, “అచ్చం అన్న చెయ్యే వదినె” అన్నాడు. మేమందరం తలలూపాం. జాలి పడి చెప్పిన అబద్ధం ఎంత దూరం పోతుందో అప్పుడు మాకేం తెలుసు.

ఆమె మొహం తెల్లబోయింది. చీర కొంగు నోట్లో కుక్కుకుని, మెల్లగా అంది: “నేను ఉప్పెయ్యలే అక్కా. గిప్పుడే యాదికొచ్చింది. ఎయ్యనే ఎయ్యలే. మరి ఎవరేసిండ్రు?”

ఆ రోజు నుంచి ఆమె ఉప్పు ముట్టలేదు. కూర ఉడుకుపట్టగానే దొడ్డుప్పు జాడీ మూత తీసి పొయ్యి పక్కన పెట్టేది. తర్వాత పెరట్లోకి పోయి వంటగదికి వీపు తిప్పి, పరలోక ప్రార్థన రెండుసార్లు చెప్పుకునేంత సేపు నిలబడేది. ఆయన వచ్చి వేసి పోవడానికి ఆ వ్యవధి. లోపలికొచ్చి గరిటె తిప్పి మాకు వడ్డించేది. ఆమె అటు తిరగగానే మేం పొట్లాలు తీసేవాళ్లం. బిక్షపతి తంబాకు డబ్బీ ఖాళీ చేసి అందులో ఉప్పు పోసుకొచ్చేవాడు.

ఒకసారి అడిగాను. “నువ్వు ఆఖరికి తింటవు గదా, నీకు ఉప్పు సరిపోతుందా?”

“బరాబర్ ఉంటది అక్కా. ఆయన చెయ్యి తప్పుతదా?”

పాపం, దుఃఖంలో నాలుక కూడా చచ్చిపోయిందనుకున్నాను.

క్రిస్మస్ ముందు పెళ్లి జాకెట్లు నెత్తిన పడి ఒకరోజు మూడింటికి గానీ తిండికి పోలేకపోయాను. అందరూ తినేసి వెళ్లారు. గిన్నె అడుగున మిగిలిన కూర ఆమె తన కంచంలో కొంత, నా కంచంలో కొంత వేసింది. ఆమె ఎదురుగా ఉంది గనుక పొట్లం తీయలేక అలాగే నోట్లో పెట్టుకున్నాను.

ఉప్పు ఉంది. సరిగ్గా ఉంది. జయానందం వేసినంతే ఉంది.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ముప్పై ఏళ్లుగా ఒంటరిగా ఉంటున్నాను, ఒక్కటీ వచ్చి పలకరించలేదు. ఆమే వేయడం మొదలుపెట్టిందేమో అనుకుని, బయటికొచ్చి బిక్షపతిని అడిగాను.

“పన్నెండింటికి తిన్న. ఉప్పు రాయి లేదు” అన్నాడు. “ఎందుకడుగుతున్నవ్ అక్కా?”

ఏమీ లేదన్నాను. ఆ రాత్రి లైటు ఆర్పకుండా పడుకున్నాను.

మాకు వేయడు, ఆమెకు వేస్తాడు. అదే నిజమైతే మెస్సు మునిగిపోవడం ఖాయం. అప్పటికే కొత్తగా వచ్చినవాళ్లు రెండోసారి రావడం లేదు. నాలుగు బల్లల్లో రెండు ఖాళీ. జనం ఎందుకు తగ్గారో ఆమెకు అర్థం కావడం లేదు. నిజం చెబితే ఆయన పోతాడు, చెప్పకపోతే మెస్సు పోతుంది. ఏది పోయినా ఆమె బతకదు. ఆరుగురం పెద్దమనుషులం, ఒక్కరికీ నోరు పెగల్లేదు. మా పిరికితనాన్ని మేం దయ అనుకున్నాం.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం రామాయంపేట నుంచి చర్చి చూడటానికి వచ్చిన ఒకాయన, భార్యతో మెస్సులో కూచున్నాడు. ఒక ముద్ద తిని, నవ్వుతూనే కేకేశాడు.

“అమ్మా, ఉప్పెయ్యడం మర్చిపోయినట్టున్నరు. జర ఉప్పు తెండ్రి.”

క్రిస్టినా ఆయన్ని చూడలేదు, నన్ను చూసింది.

“అక్కా, నువ్వు చెప్పు. ఉప్పు లేదా?”

ఇంకో అబద్ధం నోటి దాకా వచ్చింది. ఆ కళ్ల ముందు అది నిలబడలేదు. రవికెలోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టాను. బిక్షపతి తంబాకు డబ్బీ పెట్టాడు. ఒక్కొక్కరే తీసి పెట్టారు. ఐదు పొట్లాలు, ఒక డబ్బీ.

“ఎన్ని దినాల సంది?”

“మొదటి దినం సంది” అన్నాను. “నీ మొహం చూసి చెప్పలేకపోయినం. మాదే తప్పు, క్రిస్టినా.”

ఆమె లోపలికి పోయి చిన్న గిన్నెలో ఉప్పు తెచ్చి రామాయంపేట ఆయన ముందు పెట్టి, “మాఫ్ చెయ్యండ్రి” అంది.

వారం రోజులు మెస్సు తెరవలేదు. మళ్లీ ఆదివారం పదకొండింటికి తలుపు తీసింది. మేం ఒట్టి చేతులతో వెళ్లాం. “ఇయ్యాల ఉప్పు నేనే ఏసిన” అని మాత్రం చెప్పి వడ్డించింది. ఉప్పు సరిపోయింది. ఈసారి “బాగుంది” అన్నది నిజం గనుక బిక్షపతి మూడుసార్లు అన్నాడు. అందరూ వెళ్లాక నన్ను ఆపింది.

“నాతోని తిను అక్కా. ఒక్కదాన్నే తినాలంటే భయమైతుంది.”

గిన్నె అడుగు కూర ఇద్దరం వేసుకున్నాం. నోట్లో పెట్టుకోగానే నాలుక మండింది. ఉప్పు కషాయం. గంట కింద అదే గిన్నెలోంచి వడ్డించిన కూర అది. ఈ మధ్యలో వంటగదిలోకి ఎవరూ పోలేదు, ఆమె కూడా మా మధ్యే తిరిగింది.

క్రిస్టినా నమిలి, మింగి, వంటగది వైపు చూసింది.

“రెండు చేతులు పడ్డయి” అంది. ఆగస్టు నుంచి మొదటిసారి ఆమె పెదాల మీద నవ్వు చూశాను. “కొట్లాడుకున్నం అక్కా, ఇద్దరం.”

మెతుకు మిగల్చకుండా తిన్నది. డాక్టరును తలుచుకుంటూ నేనూ తిన్నాను. ఆ కూర పారేయడానికి నాకు చెయ్యి రాలేదు. తర్వాత ఆమె చెయ్యి కడుక్కుని వంటగది గడప దగ్గరికి పోయింది. లోపల ఎవరూ లేరు. పొయ్యి ఆరిపోయి ఉంది, జాడీకి మూత పెట్టి ఉంది.

“వచ్చేటోళ్లు ఉప్పు లేక తిరిగిపోతున్నరు. ఇగ నేనేస్త” అంది, పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు. “నువ్వు ఎయ్యకు.”

మర్నాడు కూడా ఆఖరికే తిన్నాం, ఇద్దరం. భయపడుతూనే ముద్ద కలిపాను. ఎక్కువ లేదు, తక్కువ లేదు. సరిగ్గా సరిపోయింది. ఒక్క చెయ్యే పడింది.

క్రిస్టినా రుచి చూసింది. చేతిలోని ముద్దను మెల్లగా కంచంలో పెట్టేసింది. సమాధి దగ్గర ఏడవని మనిషి, ఆ బల్ల మీద తల వాల్చి అప్పుడు ఏడ్చింది.