లాభం, రెండు, మూడు

శ్యామలాంబకు ఆ సాయంత్రం నడుము విరిగిపోతోంది. పొద్దుట అంగన్‌వాడీలో పిల్లలకి వండి వార్చి, గిన్నెలు తోమి, ఇంటికొచ్చి గేదెల పని ముగించుకుని, ఇప్పుడు ఆడపడుచు హారతి ముందు లెక్కల పుస్తకం పట్టుకుని కూర్చుంది. తెల్లవారితే రావులపాలెంలో ఓపెన్ స్కూల్ టెన్త్ లెక్కల పరీక్ష. కిందటిసారి ముంచింది ఆ లెక్కలే. టెన్త్ గట్టెక్కితేగాని ఆయా కాస్తా టీచరు కాలేదు. ఉన్న టీచరు రిటైరైపోతోంది. ఈ అవకాశం తప్పితే జన్మంతా ఆ గరిటే గతి.

మొన్న సూపర్‌వైజరు వచ్చి, "ఇక్కడ ఎంతమంది పనిచేస్తున్నారు?" అని అడిగింది. "నేనొక్కదాన్నేనండి" అంది టీచరు. ఆ పక్కనే గరిటె పట్టుకుని నిలబడ్డ శ్యామలాంబకు ప్రాణం చివుక్కుమంది. తల దించుకుని మళ్ళీ గరిటె తిప్పింది.

"ఒక బస్తాలో x కుంచాల వడ్లున్నాయి. రెండో దాంట్లో దానికి మూడు రెట్లు. మొత్తం ఎంతో రాయి వదినా" అంది హారతి ఆవులిస్తూ.

శ్యామలాంబ x + 3x అని చక్కగానే రాసింది. పక్కన 3x అని తేల్చేసింది.

"మళ్ళీ అదే! మొదటి x ఏమైపోయింది?"

"దాని ముందు అంకె లేదు కదే. ఏమీ లేనిదాన్ని ఎలా కలపను?"

"రాయకపోయినా అక్కడ ఒకటి ఉంటుంది వదినా. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఉంటే రాసి చావొచ్చుగా! కనపడనిదాన్ని ఉందనుకోమంటే నావల్ల కాదు" అని పుస్తకం మూసేసింది శ్యామలాంబ. ఏడుపొచ్చేంత విసుగ్గా ఉంది.

అంతలో ఎదురింటి సూరమ్మ సంచి పట్టుకుని వచ్చింది. "విత్తనాలకి నాలుగు కుంచాల వడ్లు ఇప్పిస్తానన్నారండి."

లేవక తప్పుతుందా? శ్యామలాంబ గాదె దగ్గర కూర్చుని కుంచం నింపింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి వడ్లు కొలిచిన చెయ్యి, నోరు దాని వెంటే నడిచింది.

"లాభం... రెండు... మూడు... నాలుగు."

సూరమ్మ సంచి మూతి కట్టుకుంటూ, "నాలుగూ ముట్టాయండి, వస్తాను" అంది.

శ్యామలాంబ కుంచం పట్టుకుని అలాగే ఉండిపోయింది. తను ఒకటి అననే లేదు. మొదటి కుంచాన్ని ఒకటి అని ఎవరంటారు, శుభమా అని లాభం అంటారు గాని. అనకపోయినంత మాత్రాన ఆ కుంచాన్ని లెక్కలోంచి తీసేసినవాళ్ళు ఈ గోదావరి గట్టున ఎవరైనా ఉన్నారా?

"హారతీ, ఆ పుస్తకం ఇలా తే" అంది. 3x కొట్టేసి 4x అని రాసింది. చూసి హారతి ఆవులింత మధ్యలోనే ఆగిపోయింది.

పరీక్ష అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. మరుసటి ఏడు పోస్టూ వచ్చింది. నడుము నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆయాగా సూరమ్మ చేరింది.

కొత్త టీచరుని చూడ్డానికి సూపర్‌వైజరు వచ్చింది. "ఇంతమంది పిల్లల్నీ మీరొక్కరే చూసుకుంటున్నారా?"

వెనక గరిటెతో నిలబడ్డ సూరమ్మ తల దించుకుంది. అలా తల దించుకోవడం ఎలా ఉంటుందో శ్యామలాంబకు తెలుసు.

"లేదండి, ఇద్దరం" అంది. "సూరమ్మ, నేను."