మందు బలం

చెంచురామయ్య పురుగుమందుల కొట్టు పెట్టిన నాటినుంచి నోరు జారి నష్టపోయినవాడు కాడు. ఏ మాట అంటే లాభమో, ఏ మాట మింగితే లాభమో తూచుకున్నాకే పెదవి విప్పేవాడు. అలాంటివాడికి, పత్తికి పచ్చపురుగు పడిన ఏడు గొంతులో వెలక్కాయ పడినట్టయింది. ఎంత కొట్టినా పురుగు చావదు. గుంటూరు నుంచి తెచ్చిన సరుకు గదినిండా ఉండిపోయింది. మందులో నీళ్ళు కలుపుతున్నాడని టీ బంకు దగ్గర మాట పుట్టింది. ఈ పంట దాటితే సరుక్కి గడువు తీరుతుంది, దాంతోపాటే కొట్టు పరువూ తీరుతుంది.

ఆ రోజుల్లోనే ఊరి చివర పేట నుంచి రెబ్కా కొట్టుకు వచ్చింది.

ఊరి మురుగంతా సైడు కాలవల్లోంచి పేట పక్కకే చేరేది. చర్చి వాళ్ళూ పంచాయతీ కలిసి అక్కడ రెండు గుంటలు తవ్వించారు. మొదటి గుంటలో బురద అడుక్కు దిగేది. రెండో దాంట్లో జమ్ముగడ్డి నాటి, దోమపిల్లల్ని తినే చేపలు వదిలారు. అక్కడ నిలవుండి తేరిన నీటితో రెబ్కా, ఆమె మొగుడు ఏసోబు గోంగూర, తోటకూర మళ్ళు పెంచి బతుకుతున్నారు. పేటలో కంపు పోయింది, పిల్లలకు జ్వరాలు తగ్గాయి. ఇప్పుడేమో రైతులు చేలో మందు కొట్టి వచ్చి, స్ప్రేయర్లు సైడు కాలవలోనే కడుగుతున్నారు. గుంటలో చేపలు ఒకటీ అరా తేలుతున్నాయి.

"మా మాట ఎవరు వింటారండీ? మందు ఇచ్చేటప్పుడు మీరొక్క మాట చెప్పండి, చేలోనే కడుక్కు రమ్మని. మీరు చెబితే వింటారు" అంది రెబ్కా.

వింటారని అతనికీ తెలుసు. కానీ రైతులు అసలే మండిపడుతున్నారు. ఇప్పుడు బుద్ధులు చెబితే పొరుగూరి కొట్టుకు పోతారు. పేటవాళ్ళు ఎటూ తన దగ్గర మందు కొనేవాళ్ళు కాదు. చూద్దాంలేమ్మా అని పంపేశాడు.

వారం తిరక్కముందే గుంటంతా చచ్చింది. చేపలు, కప్పలు పొట్టలు పైకి పెట్టి జమ్ము మొదళ్ళలో ఇరుక్కున్నాయి. ఆ పొద్దునే కోటేష్ అనే కుర్ర రైతు సగం వాడిన సీసా తెచ్చి కొట్టు బల్లమీద ఠపీమని పెట్టాడు.

"నువ్వమ్మేది మందా, నీళ్ళా బాబాయ్?"

చుట్టూ జనం పోగయ్యారు. చెంచురామయ్య కోప్పడలేదు. చెప్పులేసుకుని, చూపిస్తాను పదరా అంటూ అందర్నీ గుంట దగ్గరికి నడిపించాడు. గట్టుమీద నిలబడి చెయ్యి చాపాడు.

"నువ్వు డబ్బా కడిగిన నీళ్ళకే ఇన్ని చచ్చాయి కదరా. చేలో చిక్కగా కొట్టి ఉంటే పురుగు మిగిలేదా?"

చచ్చిన చేపల్ని గంపలోకి ఎత్తుతున్న రెబ్కా నడుం నిలబెట్టింది.

"మిమ్మల్ని చెప్పమన్నది ఇదాండీ?"

చెంచురామయ్య వినపడనట్టే గట్టు దిగాడు.

నాలుగు రోజుల్లో గది ఖాళీ అయింది. రైతులు చిక్కగా కొట్టారు, మళ్ళీ మళ్ళీ కొట్టారు. పురుగు చావలేదు, పత్తి దక్కలేదు. కానీ ఈసారి కొట్టును తప్పుపట్టినవాడు లేడు. మందు బలం కళ్ళారా చూశారు మరి. తప్పు తమ కొట్టడంలోనే ఉందనుకున్నారు.

గుంటలో చేపలు చచ్చిన ఆ సంగతే ఊరూరా పాకి, రెబ్కా ఆకుకూర ముట్టుకునేవాళ్ళు లేకపోయారు. మళ్ళు ఎండాయి. గుంట నల్లబడి కుళ్ళింది. కంపు భరించలేక పంచాయతీ వాళ్ళు గట్టు తెగ్గొట్టి, మురుగును పేట వెనక వాగులోకి వదిలేశారు.

మిరపకు మందు కొట్టే రోజులొచ్చేసరికి రెబ్కా కోటేష్ చేలో నీళ్ళు మోసే కూలికి కుదిరింది. ఒక సాయంత్రం కొట్టు ముందే ఆమె సైడు కాలవలో స్ప్రేయరు కడుగుతుంటే చెంచురామయ్య చూశాడు.

"చేలోనే కడుక్కోమన్నదానివి నువ్వే కదమ్మా?"

రెబ్కా తల ఎత్తలేదు.

"అప్పుడు చేపలుండేయండీ. ఇప్పుడు మేమేగా ఉంది."

అంతలో మందు కొనేవాడెవరో వచ్చాడు. చెంచురామయ్య లోపలికి తిరిగి సీసా అందుకున్నాడు. ఆమె వంచిన నీళ్ళు పాలలా తెల్లగా కాలవలో పడి పేట వైపు సాగాయి.