ఈత రాని లైఫ్‌గార్డు

మా ఇంట్లో ఇంటర్నెట్ బాగా అందేది వంటింట్లోనే. అందుకే మా అమ్మాయి బురుల్ అమెరికా ఉద్యోగం మాటలన్నీ నా కళ్లెదుటే జరిగాయి. నేను మాంతీలకు, అంటే మాంసం కూరి ఆవిరి మీద ఉడికించే కుడుములకు, పిండి ఒత్తుతున్నాను. అది ఫోనును టీ కెటిల్‌కు ఆనించి, జుట్టు నున్నగా దువ్వుకుని, నా మంచి శాలువా కప్పుకుని కూర్చుంది. ఫోనులో ఎర్రటి మొహం, తెల్లటి కనుబొమలు ఉన్న ఒక పెద్దమనిషి కనిపిస్తున్నాడు. సముద్రం ఒడ్డున ఏదో ఊళ్లో హోటలు ఉందట, ఆ హోటలు ఈతకొలను అతని అజమాయిషీలో ఉంటుందట.

బురుల్ మా కరకోల్ యూనివర్సిటీలో ఇంగ్లీషు చదువుతోంది, మూడో సంవత్సరం. ఏటా ఇక్కడి పిల్లలు కొందరు వేసవి సెలవుల్లో అమెరికా వెళ్లి, హోటళ్లలో పక్కలు వేసి, గిన్నెలు కడిగి, ఐస్‌క్రీం అమ్మి, ఆకురాలే వేళకు మళ్లీ తరగతులకు వచ్చేస్తారు. మా పిల్ల మనసు మాత్రం పక్కల మీదా లేదు, గిన్నెల మీదా లేదు. కొలను పక్కన ఎత్తయిన తెల్ల కుర్చీ ఉంటుందే, మెడలో ఈల వేసుకుని కూర్చుని, మునిగేవాళ్లను కాపాడతారే, ఆ కుర్చీ మీద ఉంది.

నాకు ఇంగ్లీషు రాదు. కానీ ఆయన మాటల్లో మా సరస్సు పేరు, ఇస్సిక్-కుల్ అన్న మాట, వినబడింది. ఏదో అడిగాడు. బురుల్ "యెస్" అంది. మళ్లీ అడిగాడు. మళ్లీ "యెస్" అంది. ఈసారి దాని చెవులు ఎర్రబడ్డాయి. ఆ పిల్ల చెవులు ఎప్పుడు ఎర్రబడతాయో కన్నతల్లికి తెలియదా!

ఫోను పెట్టేయగానే నన్ను పట్టుకుని పిండి చేతులతో సహా గిరగిరా తిప్పింది. తర్వాత బంగాళాదుంపల బస్తా మీద కూలబడింది.

"అపా, ఉద్యోగం వచ్చేసింది," అంది. మా భాషలో అమ్మను అపా అనీ, నాన్నను ఆతా అనీ పిలుస్తారు.

"మరి ఆ ఏడుపు మొహమేంటే?"

"మీ ఊరు సరస్సు పక్కనేనా అన్నాడు. అవునన్నాను. అయితే ఈత బాగా వచ్చుంటుందే అన్నాడు. అదీ అవునన్నాను."

"నీకు ఈత ఎక్కడొచ్చే?"

"రాదు కాబట్టే కదా ఈ ఏడుపు!"

మా ఆయన కుబాత్ గుర్రాల డాక్టరు. వయసులో ఉన్నప్పుడు గుర్రం మీద మేక కళేబరం లాక్కునే ఆటలో జిల్లా అంతా పేరు మోసినవాడు. ముందు పళ్లు రెండు ఆ ఆటకే సమర్పించుకున్నాడు. గుర్రం మీద ఉంటే వరదలో ఉన్న ఏరైనా దాటేస్తాడు. గుర్రం దిగాడంటే మాత్రం బకెట్టు నీళ్లకు కూడా దూరంగా నిలబడే రకం. ఆయన ఇంటికి వచ్చి, మాంతీలు తింటూ సంగతంతా విన్నాడు.

"ఆ ఈల కోసమేనా ఇదంతా? బజార్లో నేను కొనిపెడతా. మన గేటు మీదెక్కి ఊదుకో."

"ఆతా, మీకన్నీ వేళాకోళాలే!"

"వేళాకోళం కాదు తల్లీ. ఎవరి పిల్లో నీ ఎదురుగా మునుగుతుంటే, ఇంగ్లీషులో కాపాడతావా? అబద్ధం మీద జీను వేసి ఎక్కితే అది వాకిలి కూడా దాటదు. ఉన్నమాట రాసెయ్ ఆయనకి."

బురుల్ ఏడ్చింది. తలుపు గట్టిగా వేసుకుంది. కాసేపటికి బయటికొచ్చి, కుర్చీ పోతే పోయిందని, ఉన్నది ఉన్నట్టు రాసి పంపింది. ఇప్పుడు ఈత రాదనీ, వేసవిలోగా నేర్చుకుంటాననీ.

మర్నాడే జవాబు వచ్చింది. బురుల్ నాకు చదివి వినిపించింది. నిజం చెప్పినందుకు ఆయన సంతోషించాడట. ఏప్రిల్ అయ్యేలోపు కొలను ఈ చివర నుంచి ఆ చివరకు ఆగకుండా ఈదుతున్న వీడియో పంపమన్నాడు. పంపితే కుర్చీ దానిదే, అక్కడికి వెళ్లాక ఎలాగూ శిక్షణా పరీక్షా ఉంటాయట. పంపలేకపోతే హోటలు లాండ్రీలో దుప్పట్లు ఉతకాలి, అది కూడా గౌరవమైన పనేనట.

"దుప్పట్లు ఇంట్లోనే బోలెడున్నాయి. ఈతే నేర్చుకో," అన్నాను నేను.

ఫిబ్రవరిలో సరస్సులో దిగితే కాళ్లు కొయ్యబారిపోతాయి. అందుకని అక్-సూలో వేడినీటి ఊటల కొలనుకు వెళ్లాం. చుట్టూ మోకాటి లోతు మంచు, మధ్యలో పొగలు కక్కే నీళ్లు. బురుల్ నీళ్లలో దిగింది. నేను తువాలు పట్టుకుని బల్ల మీద కూర్చున్నాను. కుబాత్ ఉన్ని కోటు, నక్కతోలు టోపీ, బూట్లతో గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ, గుర్రాన్ని అదిలించినట్టు కూతురిని అదిలించడం మొదలుపెట్టాడు.

"తలెత్తు! మోకాళ్లు బిగించు! ముందుకి, ముందుకి! ఛో!"

"ఆతా, నేను గుర్రాన్ని కాదు!"

"గుర్రమైతే ఈపాటికి ఒడ్డెక్కి గడ్డి మేస్తుండేది!"

ఆ మాటకు నవ్వబోయి బురుల్ పట్టు తప్పింది. కాలికింద నేల లేదు. ఒకసారి పైకి తేలింది, చేతులు కొట్టుకుంది, మునిగింది. నేను కేక వేసేలోపే మా ఆయన కోటు, టోపీ, బూట్లతో సహా నీళ్లలోకి దూకాడు. ఈత రాని మనిషి! దూకాక గానీ ఆ సంగతి ఆయనకు గుర్తుకు రాలేదు. ఇప్పుడు మునిగేవాళ్లు ఇద్దరయ్యారు. నక్కతోలు టోపీ ఒక్కటే హాయిగా తేలుతోంది.

కొలను మూల నుంచి ఒక ముసలావిడ సర్రున ఈదుకుంటూ వచ్చింది. ఒక చేత్తో బురుల్ జబ్బ, రెండో చేత్తో కుబాత్ కోటు కాలరు పట్టుకుని, పిల్లి పిల్లలను తెచ్చినట్టు ఇద్దరినీ మెట్ల దగ్గరికి చేర్చింది. ఇద్దరూ దగ్గుతూ ఊపిరి తీసుకున్నాక ఆవిడ మా ఆయన మొహంలోకి తేరిపార చూసింది.

"కుబాత్! నువ్వట్రా!"

ఆయన మొహం పాలిపోయింది. "రాకియా ఎజె..." అన్నాడు గొణుగుతూ.

ఎజె అంటే మా భాషలో అక్క. ఆవిడ మా ఆయన చదివిన బడిలో ఒకప్పటి వ్యాయామం టీచరు. రిటైరై చాలా ఏళ్లయింది. మోకాళ్ల నొప్పులకు మంచిదని రోజూ ఈ నీళ్లకు వస్తుందట.

"క్లాసుని సరస్సుకి తీసుకెళ్లిన ప్రతిసారీ నీకు కడుపునొప్పే. ఇంతకీ ఆ నొప్పి తగ్గిందా లేదా?"

"తగ్గింది ఎజె."

"తగ్గితే రేపట్నుంచి ఇద్దరూ రండి. మునిగేవాళ్లని కాపాడ్డానికి బండరాయి దూకిందంటే ఊళ్లో నవ్వుతారు. నేర్పింది నేనని తెలిస్తే నా పరువు కూడా పోతుంది."

అలా మా ఇంట్లో ఇద్దరు విద్యార్థులు తయారయ్యారు. వారంలో కుదిరిన రోజుల్లో సాయంత్రం పనులయ్యాక ముగ్గురం పాత ఆడి కారులో అక్-సూకు పోయేవాళ్లం. చిత్రమేమిటంటే, ముందు తేలింది మా ఆయనే. రాకియా ఎజె ఆయన నడుము కింద అరచెయ్యి పెట్టి, "ఊపిరి పీల్చి ఆకాశం చూడు, నోరు మాత్రం ముయ్యి," అంది. ఆయన నోరు మూసుకున్నాడు. పెళ్లయినప్పటి నుంచీ నేను చూడని వింత అది. ఆవిడ చెయ్యి తీసేసినా ఆయన పొట్ట పైకి పెట్టి, మంచు తునకలు మొహం మీద పడుతుంటే, చిన్నపిల్లాడిలా నవ్వుతూ తేలుతూనే ఉన్నాడు.

ఇక ఆయనను పట్టడం ఎవరి తరం? పొద్దున్నే లేచేసరికి బట్టలుతికే తొట్టిలో తల ముంచుకుని కనిపించేవాడు. మొదటిసారి నేను హడలిపోయి చెంబుతో వీపు మీద ఒక్కటిచ్చాను. ఊపిరి బిగబట్టడం సాధన చేస్తున్నాడట! పశువుల సంతలో స్నేహితులు ఆటపట్టించేవారు. "ఏం కుబాత్, అమెరికా వెళ్తున్నావంట? అక్కడి గుర్రాలకి నీళ్లలో జబ్బులొస్తాయా?" అనేవారు. ఆయనకు కోపం రాకపోగా, సంత మధ్యలో నిలబడి చేతులు తిప్పి బారలు వేసి చూపించేవాడట.

బురుల్‌కు మాత్రం మొదటి రోజు భయం పోలేదు. గోడ పట్టుకుని కాళ్లు బాగా ఆడించేది. గోడ వదలమంటే మొహం తెల్లబడేది. మార్చి గడిచింది, ఊళ్లో మంచు కరిగి వీధులన్నీ బురదయ్యాయి. పిల్ల మాత్రం గోడకే అతుక్కుని ఉంది. ఇంటికొచ్చే దారిలో కారు కిటికీకి తల ఆనించుకుని కూర్చునేది.

"పోనీలే తల్లీ, లాండ్రీ అయినా అమెరికాయేగా," అన్నాను ఒకరోజు.

"నాకు దుప్పట్లంటే చిరాకు కాదు అపా. గోడ వదల్లేకపోయాననే చిరాకు," అంది కిటికీలోంచి చూస్తూ.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం. ఎండ కాస్తోంది. మా ఆయన కొలను అడ్డంగా రెండుసార్లు ఈది, అది కూడా బురదలో దిగిన గేదెలా నీళ్లన్నీ చిమ్ముకుంటూ ఈది, గట్టు పట్టుకుని ఆయాసపడుతూ గొప్పలు మొదలుపెట్టాడు.

"ఆ అమెరికా పెద్దమనిషికి రాయి, బురుల్. మా నాన్నని తీసుకోండి, నాకంటే బాగా ఈదుతాడు, ఈలేసే పళ్లు లేవు గానీ మిగతావన్నీ ఉన్నాయని రాయి."

"మీది ఈత కాదు ఆతా, నీళ్లని కొట్టడం. కొలను యజమాని చూస్తే కేసు పెడతాడు."

"గోడకి కాపలా కాసేవాళ్లు మాట్లాడకూడదమ్మా!"

"ఏంటీ?"

"అదే, గోడ పడిపోతుందని పట్టుకున్నావుగా పాపం. దమ్ముంటే రా. ఈ చివర్నించి ఆ చివరికి. ఓడినవాళ్లు వారం రోజులు గిన్నెలు తోమాలి."

దాని చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి. ఈసారి కోపంతో. "అపా, ఫోన్ పట్టుకో! ఓడిపోయేవాళ్ల మొహం వీడియో తియ్యి!"

రాకియా ఎజె చప్పట్లు కొట్టింది. ఇద్దరూ ఒకేసారి గోడను తన్ని బయలుదేరారు. నేను ఫోను పట్టుకుని గట్టు వెంట నడుస్తున్నాను. నిజం చెప్పాలంటే నా చూపంతా మా ఆయన మీదే ఉంది. ఆ మనిషి మునిగితే నేనేం కావాలి! సగం దూరం ఆయనే ముందున్నాడు. తర్వాత పక్క నుంచి ఏదో సన్నగా, సాఫీగా దూసుకుపోయింది. అది మా బురుల్. అది ఈదుతోందని దానికి తెలియదు. తండ్రి నోరు మూయించాలన్న పట్టుదల ఒక్కటే ఉంది దాని మొహంలో. చివరి గోడను చేత్తో ఛెళ్లుమని కొట్టి వెనక్కి తిరిగింది.

"గిన్నెలు! గిన్నెలు మీవే ఆతా!"

కుబాత్ నడి కొలనులో ఉన్నాడు. కూతురు గెలిచిందన్న సంబరానికి పగలబడి నవ్వాడు. అంతే, నోట్లోకి నీళ్లు పోయాయి. దగ్గాడు, ఉక్కిరిబిక్కిరయ్యాడు, చేతులు ఆడించడం మరిచిపోయాడు. రాకియా ఎజె కదిలేలోపే బురుల్ మళ్లీ గోడను తన్నింది. వెనక నుంచి వచ్చి, ఎజె గట్టు మీద నిలబెట్టి నేర్పినట్టే గడ్డం కింద చెయ్యి వేసి, తండ్రిని వెల్లకిలా తేల్చి, మెట్ల దాకా లాక్కొచ్చింది.

"కాళ్లు కొట్టకండి ఆతా. నేనున్నాగా," అంటోంది నెమ్మదిగా. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అది పెద్దదైపోయిన గొంతు.

మెట్ల మీద కూర్చున్నాక తండ్రీ కూతుళ్లు ఒకరినొకరు చూసుకుని, ఒకరి నెత్తిన ఒకరు నీళ్లు పోసుకుని నవ్వారు. రాకియా ఎజె తువాలుతో మొహం తుడుచుకుంది. తుడిచింది కొలను నీళ్లేనని ఇప్పటికీ అంటుంది.

ఇంటికొచ్చి వీడియో చూస్తే బురుల్ తల పట్టుకుంది. "అపా! ఇందులో అంతా ఆతానే ఉన్నారు! నేను అలా వచ్చి ఇలా వెళ్లిపోయాను!" మళ్లీ తీద్దామని మేమంటుండగానే, ఏమనుకుందో ఏమో, ఉన్నదున్నట్టు పంపేసింది.

జవాబు రాగానే మా ఇద్దరికీ చదివి వినిపించింది. "ఈత మాత్రమే చూపించమన్నాను. మీరు ఒక మనిషిని కాపాడటం కూడా చూపించారు. కుర్చీ మీదే. వీడియోలోని పెద్దమనిషి కులాసానే కదా? మా హోటల్లో అందరం చూశాం, ఆయనకు అభిమానులు ఎక్కువయ్యారు." ఆ చివరి మాట మా ఆయన మూడుసార్లు చదివించుకున్నాడు. తర్వాత చొక్కా చేతులు మడిచి, గిన్నెలు తోమడానికి వెళ్లాడు, దొరబాబులా.

మే నెలంతా పెట్టె సర్దడంతోనే సరిపోయింది. బిష్కెక్‌లో వీసా ఇంటర్వ్యూకు వెళ్లే ముందు కుబాత్ తానే అమెరికా అధికారినని చెప్పి, టై కట్టుకుని, బల్ల వెనక కూర్చుని కూతురికి తర్ఫీదు ఇచ్చాడు. "మా దేశంలో మేక ఆట ఉందా? లేకపోతే ఎందుకెళ్తున్నావు?" లాంటి ప్రశ్నలే అన్నీ. అసలు అధికారిణి ఏం చదువుతున్నావు, అక్కడ ఏం పని చేస్తావు అని అడిగి, "ఈత వచ్చా?" అందట. "వచ్చు" అంటుంటే తనకు నవ్వు ఆగలేదని, ఆవిడకూ కారణం తెలియకుండానే నవ్వొచ్చిందని బురుల్ చెప్పింది. వీసా వచ్చింది.

జూన్‌లో వెళ్లింది. అక్కడి శిక్షణలో కొలను అడుగున పడేసిన ఇటుకను మునిగి తీయమన్నారట. మొదటిసారి దొరకలేదు, రెండోసారి తీసింది. ఇప్పుడు రోజూ కుర్చీ మీదే. ఎండకు ముక్కు తోలు ఊడిపోయిందనీ, నేను చేసే మాంసం వేపుడు, కుర్దాక్, తినాలని ఉందనీ, ఇస్తాంబుల్ నుంచి వచ్చిన ఒకమ్మాయితో గది పంచుకుంటున్నాననీ చెబుతుంది.

మొన్న ఫోను చేసినప్పుడు మేం సరస్సు ఒడ్డున ఉన్నాం. ఎండ మండిపోతోంది.

"ఆతా ఏరీ అపా? మాట్లాడదామంటే దొరకరే!"

"ఎక్కడ దొరుకుతారు! వీధిలో పిల్లల్నందర్నీ పోగేసి నీళ్లలో నిలబెట్టారు. గుర్రాల్ని అదిలించినట్టు అదిలిస్తున్నారు. రాకియా ఎజె ఒడ్డున కూర్చుని తిడుతోంది."

"పిల్లల్ని కాదు, ముందు ఆయన్ని తిట్టమను! మరి నువ్వు?"

"నేనా? నేను పుచ్చకాయ కోస్తున్నాను. కొయ్యగానే దిగుతా. ఉండు, మీ నాన్న పిలుస్తున్నారు," అని ఫోను తువాలులో చుట్టి పెట్టి, గౌను అంచు నడుముకు దోపుకుని, నీళ్ల వైపు నడిచాను.