పొగ కోసం మొక్కు

కట్టుకున్న పెళ్ళాన్ని చూసి కుళ్ళుకునే మొగుడు ఉంటాడా అంటే, ఉంటాడు. తిరువళ్ళూరులో కారు షెడ్డు నడిపే ముకేశే అందుకు సాక్ష్యం. బయటివాడి మీద ఈర్ష్య పుడితే వాడి వీధిలోకి వెళ్ళకుండా ఉంటే చాలు. ఇంట్లో మనిషి మీద పుడితే ఆ మనిషి వడ్డించిన అన్నమే తినాలి, పైగా బాగుందని చెప్పాలి.

నిత్యకు స్పానరు పట్టడం నేర్పింది ముకేశే. పనివాళ్ళు ఒక్కొక్కరే ఫ్యాక్టరీల్లో చేరిపోయిన ఏడాది, "ఊరికే టార్చి పట్టుకో, చాలు" అని పిలిచాడు. అలా ఏకులా వచ్చిన మనిషి మేకై కూర్చుంది. ఇప్పుడు ఫోను మోగితే అవతలి గొంతు "అన్నా" అంటుంది గానీ, ఆ వెంటనే "అక్క ఉండాదా?" అని అడుగుతుంది. అడిగినప్పుడల్లా ముకేశ్‌కు కడుపు మండేది. మంట చల్లారడానికి మజ్జిగ తాగేవాడు. ఆ మజ్జిగా ఆమె చిలికిందే.

ఆ మంట మీద పెట్రోలు పోయడానికే అన్నట్టు అరవింద్ వచ్చాడు. కడంబత్తూరు కుర్రాడు. జీతమంతా ఒక చిన్న కారుకు ధారపోసి దాన్ని రేసు కారుగా మార్చుకున్నాడు. ట్రాకు మీద అతను తోలే వేగానికి ఇంజనులోని వాల్వు స్ప్రింగులు తాళలేకపోతున్నాయి. వాల్వుల చుట్టూ ఉండే రబ్బరు సీళ్ళు అరిగి, ఆయిలు లోపలికి జారి, సైలెన్సరు నీలం పొగ కక్కుతోంది. గట్టి స్ప్రింగులు, కొత్త సీళ్ళు అతనే తెప్పించుకున్నాడు.

"ఏమనుకోవద్దన్నా. అన్నీ అక్క చేత్తోనే ఏపీయండి," అన్నాడు.

ఏమీ అనుకోలేదన్నట్టు ముకేశ్ నవ్వాడు. చాలా అనుకున్నాడు.

"నాలుగు సిలిండర్లు గదా. ఒకటీ రెండూ నేను, మూడూ నాలుగూ మీయక్క. సరిపాయనా?"

అరవింద్ నిత్య వైపు చూశాడు. ఆమె తలూపాకే సరేనన్నాడు. నా షెడ్డులో నా మాటకు ఈమె తలూపాలా అని ముకేశ్ పళ్ళు నూరాడు.

ఇంజను పైభాగం విప్పి దించకుండానే చేసే పద్ధతి వాళ్ళది. ప్లగ్గు రంధ్రంలోంచి నూలుతాడు దూర్చి పిస్టన్‌ను పైకి తెస్తే, ఆ తాడు ఒత్తుకుని వాల్వులను కిందపడకుండా పట్టుకుంటుంది. అప్పుడు పాత స్ప్రింగు తీసి, సీలు మార్చి, కొత్త స్ప్రింగు నొక్కిపట్టి, దాన్ని పట్టి ఉంచే బియ్యపు గింజంత లాకులు రెండు వాల్వు గాడిలో కూర్చోబెట్టాలి. ముకేశ్ లావు వేళ్ళలోంచి అవి జారిపడేవి. నిత్య వేలికి గ్రీజు అద్దుకుని, ముక్కుపుడక మర తిప్పుకున్నంత సులువుగా పెట్టేసేది.

ఇద్దరూ బానెట్‌కు చెరోవైపు నిలబడ్డారు. ముకేశ్ చేతులు తన వాల్వుల మీద, కళ్ళు ఆమె వేళ్ళ మీద. ఆమె ప్రతి సీలుకూ ముందు, కొబ్బరిబోండాం నీళ్ళు తాగే స్ట్రా ముక్కను వాల్వు కొసకు తొడుగుతోంది. గాడి అంచు పదును. తొడుగు లేకుండా దించితే సీలు లోపల పెదవిలా ఉండే అంచు తెగుతుంది. "తొడిగి దించు, తెగిపోతాది" అని మొదటిరోజే తిట్టి మరీ నేర్పింది అతనే.

"ఇంకా ఆ స్ట్రా పట్టుకోనే ఉండావా? తెల్లారిపోతాది," అని వెక్కిరించాడు.

"కానీలే మామా," అంది నిత్య. అతనికంటే ముందే ముగించింది.

పరీక్ష తిరుత్తణి కొండ మీద. యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసి, గేరులోనే కారును కొండ దిగనిస్తే ఇంజను ఆయిలును గట్టిగా పీలుస్తుంది. కిందికొచ్చి యాక్సిలరేటరు తొక్కగానే, సీలులో లోపముంటే పొగ వస్తుంది. పనిలో పనిగా పైన బండికి పూజ చేయించారు. హారతి అయ్యాక పూజారి తాళంచెవి ఎవరికివ్వాలో చూస్తుంటే, "అక్కకీండి సామీ," అన్నాడు అరవింద్. నిత్య దాన్ని కళ్ళకద్దుకుని ముకేశ్ చేతిలో పెట్టింది. తన షెడ్డుకొచ్చిన బండి తాళం తనకే దానం చేసినట్టనిపించింది అతనికి.

చక్రాల కింద నిమ్మకాయలు చితికాయి. దిగేటప్పుడు పక్క సీట్లో నిత్య కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది. పొగ రాకూడదని మొక్కుతోందని అతనికి తెలుసు. అతనూ మొక్కాడు. 'మురుగా, పొగ రావల్ల. ఒక్కసారి ఈమె చెయ్యి తప్పల్ల. వస్తే నీ కొండకే వచ్చి గుండు కొట్టించుకుంటా.'

కింద మలుపు తిరిగి యాక్సిలరేటరు తొక్కాడు. అద్దంలో నీలం పొగ గుప్పుమని కనిపించింది. ముకేశ్ పెళ్ళినాడు కూడా అంత సంతోషం ఎరగడు.

"చూసినావా తమ్ముడూ, మీయక్క చెయ్యి!" అన్నాడు వెనక సీటు వైపు తిరిగి. "ఒకటీ రెండూ నావి. నా దాంట్లో రాదు."

"ప్లగ్గులు తీసి చూస్తాం," అంది నిత్య. ఆమె ఇంకా అద్దంలోని పొగనే చూస్తోంది. అయినా అతనికి జాలి కలగలేదు.

షెడ్డుకొచ్చి, ఇంజను చల్లారాక, ఆమే ప్లగ్గులు తీసింది. నాలుగోది పొడిగా ఉంది. మూడోదీ పొడిగానే ఉంది. రెండోది ఆయిలుతో తడిసి నల్లగా ఉంది.

"రెండోది మీదే గదన్నా," అన్నాడు అరవింద్ నెమ్మదిగా. "అదీ అక్కే ఏసేస్తే..."

"నేనెందుకు ఏస్తాను? ఆయన దాన్ని ఆయనే ఏస్తాడు," అంది నిత్య కటువుగా.

ముకేశ్ తలెత్తకుండా విప్పాడు. ఒక సీలు పెదవి తెగి ఉంది. ఆమె వేళ్ళను చూస్తూ చూస్తూ, ఆ ఒక్కదానికి తొడుగు మరిచాడు. నిత్య కొత్త సీలుతో పాటు స్ట్రా ముక్క అతని అరచేతిలో పెట్టింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. అప్పుడు కోపమన్నా తెచ్చుకునేవాడు.

రెండోసారి కొండ దిగితే పొగ లేదు. అరవింద్ ఈలవేశాడు. ముకేశ్ మాత్రం కారు మళ్ళీ పైకి తిప్పి, గుండ్లు కొట్టేచోట ఆపాడు. పొగ అడిగాడు, సామి ఇచ్చాడు. అడిగింది ఇచ్చిన దేవుడికి మొక్కు ఎగ్గొట్టే ధైర్యం అతనికి లేదు.

గుండు అయ్యాక, నిత్య చల్లని చందనం తీసి అతని తలకు రాసింది. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి.

"నాతో ఒక మాటన్నా చెప్పలేదే మామా. నా కోసమేనా మొక్కినావు?"

ఆ వేళ్ళ కింద ముకేశ్ తల వంచుకున్నాడు.

"నీ కోసమే," అన్నాడు.